మూలకు మూల కొలవండి: స్థలం వైశాల్యం కట్టడం ఎలా?

“ఎదురెదురు వైపులు కలిపి సగం చెయ్యి. రెండో జతా అంతే. ఆ రెంటినీ గుణించి తొమ్మిదితో భాగిస్తే గజాలొచ్చేస్తాయి.” ఇళ్ళ స్థలం బేరం నడిచే చోట మధ్యవర్తుల నోట తరచూ వినపడే సూత్రం ఇది. నాలుగు మూలలూ మట్టానికి ఉన్న స్థలానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఏ మూల వంకరపోయినా మాత్రం ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. తక్కువ చూపించడమన్నది ఎప్పుడూ జరగదు. అమ్మేవాళ్ళెవరూ దీన్ని తప్పుపట్టకపోవడానికి అదొక కారణం.

కొనేవాళ్ళూ, పంచుకునే అన్నదమ్ములూ, ఇల్లు కట్టబోయేవాళ్ళూ తమ స్థలాన్ని తామే కొలిచి లెక్కకట్టుకోవడానికి ఏం కావాలో, ఏ వరసలో చేయాలో చూద్దాం. ఏడో తరగతి లెక్కలు చాలు. అవీ మర్చిపోయి ఉంటే మరీ మంచిది, మొదటినుంచీ వెళ్దాం.

ముందు టేపు సంగతి

హార్డ్‌వేర్ షాపులో దొరికే 30 మీటర్ల ఫైబర్ టేపు ఒకటి, నాలుగు మేకులు లేదా కర్రముక్కలు, ఒక సుతిలి ఉండ, నోటుపుస్తకం, ఫోను. అవతలి కొస పట్టుకోవడానికి ఒక మనిషి. ఇంతే.

టేపులో సున్నా ఎక్కడుందో కొలత మొదలుపెట్టకముందే చూడండి. కొన్నిటికి కొసనున్న రింగు అంచే సున్నా. కొన్నిటికి రింగు దాటి కాస్త లోపల గీత ఉంటుంది. ఆ తేడా గమనించకపోతే ప్రతి వైపూ రెండుమూడు అంగుళాలు పోతాయి. టేపు లాగి పట్టుకోండి, మధ్యలో వేలాడకూడదు. నేల ఏటవాలుగా ఉంటే వాలు వెంబడి కొలవొద్దు. పల్లంవైపు మనిషి టేపు పైకెత్తి, మట్టంగా పట్టుకోవాలి. భూమి రికార్డుల్లో లెక్కకు వచ్చేది ఈ మట్టం కొలతే, వాలు పొడవు కాదు. వాలు మరీ ఎక్కువైతే మెట్లు మెట్లుగా, పదేసి అడుగులు కొలుచుకుంటూ దిగండి.

ఇక అంగుళాలు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 36 అడుగుల 6 అంగుళాలను ఫోనులో 36.6 అని కొడతారు. అడుక్కి పన్నెండు అంగుళాలు కాబట్టి ఆరు అంగుళాలంటే అర అడుగు, అంటే 36.5. మూడు అంగుళాలు 0.25, తొమ్మిది 0.75. మిగతావాటికి అంగుళాలను 12తో భాగించి అడుగులకు కలపండి. ఈ బెడద వద్దనుకుంటే టేపు రెండోవైపు మీటర్లలో కొలవండి. కానీ బేరమంతా గజాల్లో నడుస్తుంది కాబట్టి అడుగుల్లోనే ఉందాం.

వైశాల్యం అంటే ఎన్ని పలకలు పడతాయన్న లెక్క

అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలకలను స్థలమంతా ఖాళీ లేకుండా పరిస్తే ఎన్ని పడతాయో అదే దాని వైశాల్యం, చదరపు అడుగుల్లో. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలంలో ఒక్కో వరసకి 36 పలకలు, అలాంటి వరసలు 60. మొత్తం 2160. దీర్ఘచతురస్రానికి పొడవు, వెడల్పు గుణించమనేది ఇందుకే. చతురస్రమైతే రెండూ ఒకటే కాబట్టి ఒక వైపును దానితోనే గుణిస్తాం.

గజమంటే మూడు అడుగులు, చదరపు గజమంటే మూడు మూళ్ళ తొమ్మిది చదరపు అడుగులు. 2160ని 9తో భాగిస్తే 240. మన స్థలం 240 గజాలు. చదరపు అడుగుల్ని గజాలు చేయడానికి మూడుతో భాగించి, స్థలం మూడురెట్లైపోయిందని సంబరపడేవాళ్ళూ ఉంటారు. తొమ్మిది గుర్తుపెట్టుకోండి.

సెంట్లు కావాలంటే 435.6తో, గుంటలు కావాలంటే 1089తో భాగించాలి. ఎకరాకి 43,560 చదరపు అడుగులు, 4840 చదరపు గజాలు. దాన్ని నూరు భాగాలు చేస్తే సెంటు, నలభై భాగాలు చేస్తే గుంట. గుంటను మనసులో పెట్టుకోవడం సులువు: 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చతురస్రం. సెంటుకి అలాంటి చక్కని చతురస్రం కుదరదు, 48.4 గజాలని గుర్తుపెట్టుకోవడమే. మన 240 గజాలు ఆంధ్రా లెక్కలో 4.96 సెంట్లు, తెలంగాణా లెక్కలో రెండు గుంటలకి కాస్త తక్కువ. అంకణాల్లో చెప్పేవాళ్ళు ఎదురైతే వెంటనే ఒక ప్రశ్న వేయండి: మీ అంకణం ఎన్ని చదరపు అడుగులు? 36 అనేవాళ్ళూ ఉన్నారు, 72 అనేవాళ్ళూ ఉన్నారు.

ఇంకో పితలాటకం కాగితాల్లో ఉంటుంది. ఆంధ్రా అడంగల్‌లో 2.35 అని ఉంటే రెండెకరాల ముప్పై అయిదు సెంట్లు. అదే అంకె తెలంగాణా పహాణీలో కనిపిస్తే రెండెకరాల ముప్పై అయిదు గుంటలు, అంటే అక్షరాలా 2.875 ఎకరాలు. ఒకే రాత, అరెకరం పైచిలుకు తేడా. సరిహద్దు జిల్లాల్లో అటూ ఇటూ భూములున్న కుటుంబాలు ఈ చుక్క దగ్గర కాస్త ఆగాలి.

నాలుగు మూలలూ మట్టమేనా?

పొడవు, వెడల్పు గుణించేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ఎదురెదురు వైపులు సమానంగా ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అంటారు. చాలదు. నాలుగు కర్రలకు మూలల్లో మేకులు కొట్టి ఒక చట్రం చేసి, పక్కకి తోయండి. కర్రల పొడవు మారదు, చట్రం మాత్రం వాలిపోతుంది. లోపలి జాగా తగ్గిపోతుంది. పూర్తిగా తోస్తే కర్రలు ఒకదానిమీద ఒకటి పడుకుని జాగా సున్నా అయిపోతుంది కూడా. వైపులు నాలుగూ అవే!

కాబట్టి మూలకు మూల కొలవండి. ఈశాన్యం మేకు నుంచి నైరుతి మేకుకి ఒకసారి, ఆగ్నేయం నుంచి వాయవ్యానికి ఒకసారి. ఎదురెదురు వైపులు సమానమై, ఈ రెండు అడ్డకొలతలూ సమానమైతే మీది నిఖార్సైన దీర్ఘచతురస్రం. 36, 60 అడుగుల స్థలానికి రెండూ 70 అడుగులకు ఒక వెంట్రుకవాసి తక్కువలో రావాలి. ఒకే మూల చూసుకోవాలంటే మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు చేసే పని చేయండి: మూలనుంచి ఒకవైపు 9 అడుగుల దగ్గర, రెండోవైపు 12 అడుగుల దగ్గర గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి. సరిగ్గా 15 వస్తే మూల మట్టానికి ఉన్నట్టు. 15 దాటితే మూల విచ్చుకుంది, తగ్గితే ముడుచుకుంది.

అదే 36, 60 స్థలంలో ఒక అడ్డకొలత 60 అడుగులు, రెండోది 78 అడుగుల 8 అంగుళాలు వచ్చాయనుకోండి. ఎదురు వైపులు సమానం, మూలలు మాత్రం వాలు. బడిలో సమాంతర చతుర్భుజం అన్నది ఇదే. దీనికి వైశాల్యం భూమి (అంటే ఆధారంగా పెట్టుకున్న వైపు పొడవు), ఎత్తుల లబ్ధం. ఎత్తు అంటే వాలిన వైపు పొడవు కాదు. 36 అడుగుల వైపు నుంచి దాని ఎదురు వైపుకి నిట్టనిలువుగా ఎంత దూరమో అది. ఇక్కడ దాదాపు 57 అడుగుల 3 అంగుళాలు. 36ని 57.25తో గుణిస్తే 2061 చదరపు అడుగులు, అంటే 229 గజాలు. మధ్యవర్తి సూత్రం ఇక్కడ కూడా 240 అనే చెబుతుంది. పదకొండు గజాలు గాల్లో ఉన్నాయన్నమాట.

వాలు స్థలం వైశాల్యం భూమి, ఎత్తుల లబ్ధమే ఎందుకైందో కాగితం కత్తిరించి చూడొచ్చు. వాలిన కాగితానికి ఒక కొసన నిలువుగా కోసి, ఆ త్రికోణం ముక్కను రెండో కొసన అతికిస్తే దీర్ఘచతురస్రం తయారవుతుంది. కాగితం పెరగలేదు, తరగలేదు. పిల్లలకు సూత్రం చెప్పేముందు ఈ కత్తెర పని చేయిస్తే సూత్రాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

త్రిభుజం: దీంట్లోనే అసలు బలం ఉంది

మిగతా ఆకారాలన్నిటికీ మూలం త్రిభుజం. మూడు కర్రలకు మేకులు కొట్టిన చట్రాన్ని ఎంత తోసినా వాలదు. మూడు వైపులు తెలిస్తే త్రిభుజం ఆకారం ఖాయమైపోయినట్టే. నాలుగు వైపుల స్థలానికి లేనిదీ, మూడు వైపుల స్థలానికి ఉన్నదీ ఈ గట్టిదనమే. ఎలాంటి వంకర స్థలాన్నైనా త్రిభుజాలుగా కోసుకోవాలనడం దీనివల్లే.

దీర్ఘచతురస్రాన్ని మూలకు మూల కోస్తే రెండు సమానమైన త్రిభుజాలు వస్తాయి. కాబట్టి త్రిభుజం వైశాల్యం భూమి, ఎత్తుల లబ్ధంలో సగం. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో, గణితపాదంలో, ఈ నియమం ఉంది. భూమిగా ఏ వైపునైనా పెట్టుకోవచ్చు. ఎదుటి మూలనుంచి ఆ వైపుకి దింపిన నిలువు దూరమే ఎత్తు కావాలి, అంతే.

ఆ నిలువు దూరం నేలమీద ఎలా పట్టుకోవాలి? ఇది అందమైన పద్ధతి, మూలమట్టం కూడా అక్కర్లేదు.

భూమి అనుకున్న వైపు పొడవునా సుతిలి బిగించి కట్టండి. ఎదుటి మూల మేకు దగ్గర మీ మనిషి టేపు సున్నాను పట్టుకోవాలి. మీరు టేపు లాగుతూ సుతిలి దగ్గరికొచ్చి, బిగుతు వదలకుండా సుతిలి మీదుగా అటూ ఇటూ జరపండి. సుతిలి దాటే చోట టేపు మీద అంకె తగ్గుతూ వస్తుంది, ఒకచోట ఆగి మళ్ళీ పెరగడం మొదలవుతుంది. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె ఎత్తు. ఒక బిందువు నుంచి గీతకి దగ్గరి దారి లంబమే కాబట్టి ఇందులో తప్పు జరగడానికి తావు లేదు. ఎదుటి మూల మరీ పక్కకి ఒరిగి ఉంటే లంబం సుతిలి బయట పడుతుంది. అప్పుడు సుతిలిని అదే దారిన ముందుకు పొడిగించి కొలవండి. భూమి పొడవు మాత్రం పాతదే వేసుకోవాలి.

రోడ్డు మలుపులో ఉన్న ఒక త్రికోణం స్థలానికి భూమి 56 అడుగులు, ఎత్తు 48 అడుగులు వచ్చాయనుకుందాం. 56ని 48తో గుణిస్తే 2688, సగం 1344 చదరపు అడుగులు. గజాల్లో 149 చిల్లర.

మధ్యలో చింతచెట్టో, పాత గోడో, పశువుల కొట్టమో ఉండి ఎత్తు కొలవడం కుదరకపోతే? మూడు వైపులే కొలుచుకోండి. గ్రీకు గణితజ్ఞుడు హెరాన్ పేరుతో బడిలో చెప్పే సూత్రం ఇక్కడ పనికొస్తుంది. పై త్రికోణానికే మూడు వైపులు 52, 56, 60 అడుగులు. వరసగా చేయండి.

1. మూడూ కలపండి: 168. సగం చేయండి: 84.
2. ఆ 84లోంచి ఒక్కో వైపునూ విడివిడిగా తీసేయండి: 84 – 52 = 32, 84 – 56 = 28, 84 – 60 = 24.
3. నాలుగు అంకెల్నీ గుణించండి: 84 × 32 × 28 × 24 = 18,06,336.
4. దాని వర్గమూలం: 1344.

ఎత్తుతో కట్టినా అదే వచ్చింది, వైపులతో కట్టినా అదే వచ్చింది. వర్గమూలం గుర్తు ఫోను క్యాలిక్యులేటర్‌లో కనబడకపోతే ఫోనును అడ్డంగా తిప్పండి, చాలా ఫోన్లలో బయటపడుతుంది. రెండో మెట్టులో సున్నా గానీ, సున్నా కంటే తక్కువ గానీ వస్తే ఎక్కడో ఒక కొలత తప్పు రాశారు. రెండు వైపుల మొత్తం మూడోదానికంటే పెద్దదై తీరాలి కాబట్టి అలాంటి త్రికోణం ఉండదు. మళ్ళీ టేపు పట్టండి.

వంకర చతుర్భుజం: బేరం తేలేది ఇక్కడ

ఇప్పుడు అసలు సరుకు. ఒక స్థలం తూర్పు వైపు 52 అడుగులు, దక్షిణం 56, పడమర 39, ఉత్తరం 63. ఏ రెండు వైపులూ సమానం కావు. మధ్యవర్తి లెక్క ఎలా సాగుతుందో చూడండి: తూర్పు, పడమర కలిపి సగం 45.5. ఉత్తరం, దక్షిణం కలిపి సగం 59.5. గుణిస్తే 2707. తొమ్మిదితో భాగిస్తే 300 గజాలు దాటింది. “చిల్లర వదిలేద్దాం, మూడొందలకే కాగితం రాసుకుందాం” అంటే ఉదారంగా కూడా వినిపిస్తుంది.

మీరు టేపు తీసి ఈశాన్యం నుంచి నైరుతికి కొలవండి. 60 అడుగులు వచ్చింది. స్థలం రెండు త్రికోణాలైపోయింది. ఆగ్నేయం వైపుది 52, 56, 60. దీని వైశాల్యం ఇందాకే కట్టాం, 1344. వాయవ్యం వైపుది 39, 63, 60. మొత్తంలో సగం 81. తీసివేతలు 42, 18, 21. నాలుగూ గుణించి వర్గమూలం తీస్తే 1134. రెండూ కలిపితే 2478 చదరపు అడుగులు, 275 గజాల చిల్లర.

మూడొందలన్నచోట 275. ఇరవై అయిదు గజాల డబ్బు లేని నేలకు కట్టబోయారు.

సరిచూసుకోవాలంటే రెండో అడ్డకొలత తీయండి. ఆగ్నేయం నుంచి వాయవ్యానికి ఈ స్థలంలో 86 అడుగులు వస్తుంది. దాంతో త్రికోణాలు వేరే, 52, 63, 86 ఒకటి, 56, 39, 86 ఇంకొకటి. హెరాన్ లెక్క మళ్ళీ చేస్తే మొత్తం 2478న్నర దాకా వస్తుంది. రెండు దారుల్లో వచ్చిన జవాబులు ఇంత దగ్గరగా ఉంటే కొలతలు నమ్మొచ్చు. పదులకొద్దీ చదరపు అడుగులు తేడా వస్తే నోటుపుస్తకంలో ఏదో ఒక అంకె తప్పు.

సగటు సూత్రం ఎందుకు ఎప్పుడూ పైకే తూగుతుంది? రెండు వైపులు గుణించడమంటే వాటి మధ్య మూల మట్టంగా ఉందని ఒప్పుకోవడమే. త్రికోణంలో ఎత్తు ఎప్పుడూ పక్క వైపు పొడవుకి మించదు. మూల మట్టంగా ఉంటే సమానం, లేకపోతే తక్కువ. సగటు సూత్రం ఆ ఎత్తుకి బదులు పక్క వైపు పొడవునే వాడేస్తుంది. కాబట్టి వంకర ఎటున్నా తప్పు ఒకేవైపు పోతుంది.

మన 2707కి ఇంకో విశేషం ఉంది. 52, 56, 39, 63 అడుగుల నాలుగు కర్రల చట్రాన్ని ఎటు తోసినా, ఎలా వంచినా లోపలి జాగా 2683 చదరపు అడుగులు దాటదు. ఆ గరిష్ఠం చెప్పే సూత్రం బ్రహ్మగుప్తుడిది, 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనిది. నాలుగు మూలలూ ఒకే వృత్తంమీద పడే చతుర్భుజానికి అది సరిపోతుంది. అంటే మధ్యవర్తి చెప్పిన వైశాల్యం మీ స్థలానికే కాదు, ఆ నాలుగు వైపులతో భూమ్మీద ఏ స్థలానికీ ఉండదు.

తమాషా ఏమిటంటే ఈ సగటు సూత్రం కూడా ఆ బ్రహ్మగుప్తుడి పుస్తకంలోనే ఉంది. ఆయన దాన్ని స్థూలమైన లెక్కగానే చెప్పి, పక్కనే సూక్ష్మమైనది ఇచ్చాడు. మనవాళ్ళు మొదటిదాంతో సరిపెట్టుకున్నారు. 1150 ప్రాంతపు లీలావతిలో భాస్కరాచార్యుడు మరీ కోప్పడ్డాడు: లంబమో కర్ణమో చెప్పకుండా నాలుగు భుజాలే ఇచ్చి వైశాల్యం అడిగేవాడు పిశాచమైతే, దానికి జవాబు చెప్పేవాడు అంతకు మించిన పిశాచమని. తెలుగువాళ్ళకు ఈ క్షేత్రగణితం కొత్తదేమీ కాదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన ఎప్పుడో తెలుగు పద్యాల్లోకి దింపాడు.

గోముఖి, సింహముఖి, అయిదు మూలలు

రోడ్డు వైపు సన్నగా, వెనక వెడల్పుగా ఉంటే గోముఖి, తిరగేస్తే సింహముఖి. వాస్తు సంగతి వాస్తువాళ్ళు చూసుకుంటారు. లెక్కకి కావాల్సింది ముందువైపు, వెనకవైపు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా లేదా అన్నదే. ఉంటే అది సమలంబ చతుర్భుజం. అలాంటి రెండిటిని తలకిందులుగా పక్కపక్కన పెడితే సమాంతర చతుర్భుజం అవుతుంది. కాబట్టి ముందు, వెనక కలిపి సగం చేసి ఎత్తుతో గుణించాలి. ముందు 40, వెనక 50, మధ్య దూరం 60 అడుగులైతే 45 × 60 = 2700, సరిగ్గా 300 గజాలు. ఇక్కడ సగటు తీయడం న్యాయమే. అయితే ఆ 60 మాత్రం రోడ్డు నుంచి వెనక గోడకి నిలువు దూరం కావాలి, వాలుగా పోయిన పక్క గోడ పొడవు కాదు. సమాంతరమో కాదో అనుమానంగా ఉంటే ఈ సూత్రం వదిలేసి అడ్డకొలతకే రండి.

అయిదు మూలలుంటే ఒక మూలనుంచి రెండు అడ్డకొలతలు తీయండి, మూడు త్రికోణాలొస్తాయి. ఆరు మూలలకు మూడు కొలతలు, నాలుగు త్రికోణాలు. ఏ మూలైనా లోపలికి నొక్కుకుని ఉంటే ఆ మూలనుంచే గీతలు గీయడం మొదలుపెట్టండి, గీత స్థలం బయటకి పోకుండా ఉంటుంది. ఎల్ ఆకారాన్ని రెండు దీర్ఘచతురస్రాలుగా కోయండి. రెండు రోడ్ల మూల స్థలానికి మలుపు కోసం కొస కోసేసి ఉంటే, ముందు మొత్తం దీర్ఘచతురస్రం కట్టి ఆ త్రికోణం తీసేయండి. రెండువైపులా పదేసి అడుగులు కోస్తే పోయేది 50 చదరపు అడుగులే.

గుండ్రనివి

పాత బావి ఉన్న స్థలమైతే బావి జాగా ఎంతో తెలియాలి. వ్యాసార్థాన్ని దానితోనే గుణించి, 22ని 7తో భాగించిన విలువతో మళ్ళీ గుణించమని బడిలో చెప్పారు. కానీ బావి మధ్యలో ఎవరు నిలబడి కొలుస్తారు? సుతిలిని ఒర చుట్టూ తిప్పి చుట్టుకొలత తీయండి. 44 అడుగులు వస్తే 22తో భాగించి 7తో గుణించండి, వ్యాసం 14. ఆ తర్వాత ఆర్యభటుడి నియమం: చుట్టుకొలతలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణించాలి. 22 × 7 = 154 చదరపు అడుగులు. గుండ్రటి కాగితాన్ని సన్నటి ముక్కలుగా కోసి ఒకటి పైకి, ఒకటి కిందకి మొనలుపెట్టి పేరిస్తే వచ్చే పొడుగు పట్టీ పొడవు సగం చుట్టుకొలత, వెడల్పు వ్యాసార్థం. నియమం అక్కడిదే. ఆర్యభటుడు వాడిన నిష్పత్తి 3.1416, మన 22/7 కంటే మేలైనది. బావి కొలతకి మాత్రం ఏదైనా ఒకటే.

వాగు గట్టు

ఒకవైపు వాగో, చెరువు కట్టో ఉంటే ఆ అంచు ఏ సూత్రానికీ లొంగదు. అంచుకి దగ్గర్లో తిన్నగా ఒక సుతిలి కట్టండి. సుతిలికి ఇవతల ఉన్న స్థలాన్ని పైన చెప్పినట్టు త్రికోణాలతో లెక్కేయండి. అవతలి పట్టీ కోసం సుతిలి మీద పదేసి అడుగులకు గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు నుంచి గట్టు అంచుకి నిలువుగా కొలవండి. 60 అడుగుల సుతిలికి ఏడు గుర్తులు, ఏడు కొలతలు: 12, 15, 18, 17, 14, 10, 8 అనుకుందాం. మొదటిదీ చివరిదీ కలిపి సగం చేయండి, 10. మధ్యలోవన్నీ కలపండి, 74. మొత్తం 84ని పదితో గుణిస్తే 840 చదరపు అడుగులు. గట్టు మరీ మెలికలు తిరిగి ఉంటే పదికి బదులు అయిదేసి అడుగులకు గుర్తులు పెట్టండి. పొలాల సర్వేలో వాడేదీ ఈ పద్ధతే: తిన్నని గీత ఒకటి, దానినుంచి పక్కలకు కొలతలు.

కాగితం మీదికి

మీ లెక్క మీ భరోసా కోసం. తగాదా వచ్చిన హద్దును తేల్చేది ప్రభుత్వ సర్వేయరు కొలతే, అందుకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. కొనేముందు అయితే చేయగలిగినది ఒకటుంది. దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులు, నాలుగు వైపుల కొలతలు రాయడం అలవాటు. నాలుగు వైపులు మాత్రమే ఉన్న ఆ కాగితం నుంచి స్థలం ఆకారాన్ని ఎవ్వరూ తిరిగి గీయలేరు. దస్తావేజుతోపాటు జతచేసే ప్లానులో ఈశాన్యం–నైరుతి, ఆగ్నేయం–వాయవ్యం అడ్డకొలతలు రెండూ అడుగులు, అంగుళాలతో వేయించండి. వేయించేముందు అమ్మేవాళ్ళ ఎదుటే ఇంకోసారి టేపు పట్టండి, రెండో కొస వాళ్ళ చేతికే ఇచ్చి.